చెరువు మీద వాలిన సిల్వరు పడవలు

రెండో ప్రపంచ యుద్ధం ముదిరిన రోజుల్లో బెంగళూరు తూర్పు శివార్లలోని బెళ్ళందూరు చెరువు మీదికి రెక్కలున్న పడవలు వచ్చి వాలేవి. పేరుకు విమానాలే గానీ, కింది భాగమంతా పడవే. ముక్కు దగ్గర నుంచి తోక దాకా నీళ్ళను చీల్చుకుపోయే అడుగు, ఒళ్ళంతా అల్యూమినియం రేకు. వాటిని ఒడ్డుకు లాగి దగ్గరలోనే ఉన్న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారానికి చేర్చేవారు. పగిలిన రేకులు, వదులైన రివిట్లు, ఉప్పునీరు తినేసిన అతుకులు సరిచేసి మళ్ళీ పనిలోకి పంపేవారు. సముద్రానికి సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరాన, మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న మెట్టనేల మీద సముద్రపు పడవలకు ఆసుపత్రి వెలిసిందన్నమాట.

ఆ చెరువు నుంచి ఇంకా తూర్పుకు పోతే కోలారు, బంగారుపేట, ఆ తర్వాత కోలారు బంగారు గనులు. వాటికి ఆవల, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో క్యాసంబళ్ళి. ఈ పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట తెలుగే. నది అంటే పాలారు, అదీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. నీళ్ళన్నా చేపలన్నా చెరువుల్లోనే. చెరువులో వల వేయాలంటే పుట్టి కావాలి, లేదా గాలి నింపిన లారీ ట్యూబు, కాదంటే థర్మాకోల్ తెప్ప. అల్యూమినియం చేపల పడవ ఇక్కడి వాళ్ళ వాడుకలోది కాదు. అయినా అలాంటి పడవకు పగులు వస్తే ఏం చేయాలో ఈ దేశంలో పెద్దయెత్తున నేర్చుకున్న చోటు ఈ దారిలోనే ఉంది. ఆ విద్య నేర్చిన కర్మాగారం కొమ్మే తరవాత గనుల ఊరికి కూడా వచ్చింది.

కథ మొదలైంది కూడా ఒక ఎగిరే పడవలోనే. 1939లో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పాన్ అమెరికన్ సంస్థ వారి క్లిప్పర్ ఎక్కి పసిఫిక్ మహాసముద్రం దాటుతున్నాడు. క్లిప్పర్లు నీటి మీద దిగే విమానాలు. అందులో ఆయనకు విలియం పాలీ అనే అమెరికన్ పరిచయమయ్యాడు. చైనాలో విమానాలు బిగించే వ్యాపారం అతనిది. ఇండియాలో కూడా అలాంటి కర్మాగారం పెట్టవచ్చన్న మాట అక్కడ పుట్టింది. మైసూరు దివాను మిర్జా ఇస్మాయిల్ ముందుకొచ్చి ఏడు వందల ఎకరాలు ఇచ్చాడు, సంస్థానం తరఫున పెట్టుబడీ పెట్టించాడు. 1940 డిసెంబరు 23న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరయింది. 1941లో ఇండియా ప్రభుత్వం కూడా వాటాదారు అయింది. హార్లో శిక్షణ విమానం ఒకటి ఆ ఏడాదే బిగించి ఎగరేశారు. మరుసటి ఏడు కర్టిస్ హాక్ యుద్ధ విమానం ఎగిరింది.

తయారీ దాదాపు అంతటితో ఆగిపోయింది. కారణం జపాను. 1941 డిసెంబరు తర్వాత కొద్ది నెలల్లోనే సింగపూరు, రంగూను పడిపోయాయి. 1942 ఏప్రిల్ 4న సింహళానికి ఆగ్నేయంగా గస్తీ తిరుగుతున్న కాటలీనా రకం ఎగిరే పడవ ఒకటి జపాను నౌకాదళాన్ని చూసి వైర్‌లెస్‌లో కబురు పంపింది. దాన్ని నడుపుతున్న కెనడా వాడు లెనార్డ్ బిర్చాల్ విమానం కూలి పట్టుబడ్డాడు గానీ, కబురు మాత్రం చేరింది. రెండు రోజులకే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. తీరమంతా ఖాళీ అవుతున్న ఆ రోజుల్లో సముద్రం మీద కన్నేసి ఉంచడం అన్నిటికంటే ముఖ్యమైపోయింది. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ చెరువు మీద కాటలీనాల స్థావరం వెలిసింది. అదే ఏడాది బెంగళూరు కర్మాగారం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1943లో దాని నిర్వహణ అమెరికా సైన్యపు వైమానిక దళానికి అప్పగించారు. కొత్త విమానాలు కట్టే తీరిక ఎవరికీ లేదు. ఉన్నవాటిని నిలబెట్టడమే పని. 84వ ఎయిర్ డిపో అన్న కొత్త పేరుతో అది చైనా, బర్మా, ఇండియా రంగం మొత్తానికి పెద్ద మరమ్మతు కేంద్రమైంది. అక్కడ ముందుగా బాగుచేసినవాటిలో కాటలీనా ఉంది.

కాటలీనా తొలిసారి ఎగిరింది 1935లో. అమెరికాలోని కన్సాలిడేటెడ్ కంపెనీ దాని తయారీదారు. రెక్కల కొస నుంచి కొసకు 104 అడుగులు, పొడవు 64 అడుగులకు కొంచెం తక్కువ. పన్నెండు వందల గుర్రపు శక్తి ఇంజన్లు రెండు. ఖాళీగానే తొమ్మిది టన్నుల పైచిలుకు బరువు. గంటల తరబడి గాలిలో ఉండి, ఎక్కడో నీళ్ళ మీద వాలి, మళ్ళీ లేవాలి. లోపల అడ్డుగోడలు కట్టి అడుగును నీరు చొరని గదులుగా విడదీశారు. ఒక గదికి చిల్లు పడినా మిగతావి తేలుస్తాయి. తరవాతి రకాలకు చక్రాలు కూడా వచ్చాయి. అవి రన్‌వే మీదా దిగగలవు. చక్రాలు లేనివాటికి మాత్రం చెరువే దిక్కు. విశాలమైన నీళ్ళు, కర్మాగారానికి దగ్గర, పైగా ఉప్పులేని నీరు. ఈ మూడూ బెళ్ళందూరుకు కలిసొచ్చాయి.

ఆ పడవ ఒంటి రేకు వంటింటి సిల్వరు కాదు. శుద్ధ అల్యూమినియం మెత్తన. అందులో రాగి, మెగ్నీషియం కాస్త కలిపి, కాల్చి, చటుక్కున చల్లబరిచి వదిలేస్తే దానంతటదే రోజుల్లో గట్టిపడుతుంది. 1906లో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు. డ్యూరాల్యుమిన్ అంటే అదే. బలం వచ్చింది గానీ ఉప్పునీటి ముందు నిలవని గుణం కూడా వచ్చింది. అందుకని 1920ల చివర్లో అమెరికాలో ఆ గట్టి రేకుకు రెండు పక్కలా శుద్ధ అల్యూమినియం పొర పరిచి రోలర్ల మధ్య కలిపి ఒత్తడం మొదలుపెట్టారు. పై పొర తుప్పు ఆపుతుంది, లోపలిది బరువు మోస్తుంది. పై పొరకు గీత పడ్డా, రివిటు బెజ్జం దగ్గర రక్షణ పోయినా, అక్కడి నుంచి ఉప్పు తన పని మొదలుపెడుతుంది.

పగులు ఎక్కడ పుడుతుంది? దాదాపు ఎప్పుడూ బెజ్జం అంచున. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో నీటి మీద వాలినప్పుడు అడుగు రేకు లోపలికి నొక్కుకుంటుంది, మళ్ళీ తేరుకుంటుంది. ప్రతి అలకూ అంతే. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. వేల దెబ్బలకు లోహం అలసిపోతుంది. రివిటు బెజ్జం పక్కన వెంట్రుకంత గీత పడుతుంది, అది పక్క బెజ్జానికి చేరుతుంది, అక్కడి నుంచి మూడోదానికి. తుప్పు పట్టిన చోట అయితే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

మరమ్మతు పగులును కనిపెట్టడంతో మొదలవుతుంది. పడవ అడుగు విషయంలో మామూలు పద్ధతి తలకిందులుగా ఉంటుంది. విమానాన్ని దిమ్మల మీద నిలబెట్టి, ఒక్కో గదిలో నీళ్ళు నింపి, కిందికి దూరి చూడాలి. బయటి నుంచి లోపలికి రావాల్సిన నీరు లోపలి నుంచి బయటికి కారుతుంది. తడి కనిపించిన ప్రతి చోటా గుర్తు పెడతారు. నీళ్ళు వదిలేసి, రంగు గీకేసి చూస్తే అసలు గీత బయటపడుతుంది.

ఆ తర్వాతి పని మొదటిసారి చూసినవాళ్ళకు విచిత్రంగా తోస్తుంది. పగులును పూడ్చడానికి ముందు దానికి మరో చిల్లు పెడతారు. గీత రెండు కొసల్లోనూ ఎనిమిదో వంతు అంగుళం వెడల్పున గుండ్రటి బెజ్జం తొలుస్తారు. పగులు కొస సూది మొనలా ఉంటుంది, లాగుడంతా ఆ మొన దగ్గర పోగవుతుంది, అందుకే గీత సాగుతూ పోతుంది. మొనను గుండ్రం చేస్తే లాగుడు చుట్టూ పంచుకుపోతుంది, సాగడం ఆగుతుంది. కొస ఎక్కడో సరిగ్గా చూడకుండా కాస్త ఇవతల తొలిస్తే మాత్రం పని అంతా దండగ. మిగిలిపోయిన ఆ వెంట్రుకంత ముక్క మాటు కిందే పెరుగుతుంది.

బెజ్జాలయ్యాక మాటు. పాత రేకుతో సమానమైన మందం, వీలైతే కాస్త ఎక్కువే. రకం కూడా అదే ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాలి. రెండు రేకుల మధ్య జింక్ క్రోమేట్ రంగు, దాని మీద నీరు చొరనివ్వని జిగురు మందు. రివిట్లు ఒకే వరసలో కాదు, రెండు వరసల్లో, ఒకదాని సందులో ఇంకొకటి వచ్చేలా. గట్టి రకం రివిట్లకు ఒక పేచీ ఉంది. వాటిని కాల్చి చల్లార్చిన వెంటనే మెత్తగా ఉంటాయి, బయట వదిలేస్తే గట్టిపడిపోతాయి. అలా గట్టిపడ్డదాన్ని కొడితే తల పగులుతుంది. అందుకని కాల్చగానే ఐసు పెట్టెలో దాచిపెట్టేవారు. పెట్టెలోంచి తీసిన పది ఇరవై నిమిషాల్లో కొట్టేయాలి. ఎండాకాలపు బెంగళూరులో కూడా ఆ లెక్క మారదు.

కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట గాలి సుత్తి పట్టుకుంటారు. ఇంకొకరు లోపల, ముడుచుకు కూర్చునే ఇరుకులో, రివిటు తోక వెనక బరువైన ఇనప దిమ్మ ఒత్తి పట్టుకుంటారు. ఒకరికొకరు కనబడరు. చప్పుడులో మాట వినబడదు, రేకు మీద తట్టే దెబ్బలే సైగలు. దిమ్మ కాస్త పక్కకు జరిగితే రివిటు వంగుతుంది, రేకు సొట్ట పడుతుంది. వంగినదాన్ని తొలిచి తీసి మళ్ళీ కొట్టాలి. అలా రెండు మూడుసార్లు తీస్తే బెజ్జం వెడల్పయి మరో పగులుకు విత్తనమవుతుంది. ఒక అడుగు పొడుగు మాటుకు డజన్ల కొద్దీ రివిట్లు. పని ముగిశాక మళ్ళీ గదిలో నీళ్ళు నింపి కారుతుందేమో చూడాలి.

గాలి సుత్తి ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కోలారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ మనుషులు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఒత్తిడి గాలితో నడిచే డ్రిల్లులతో రాతిని తొలుస్తున్నారు. 1902లో శివనసముద్రం నుంచి 92 మైళ్ళ దూరం తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరులో కరెంటు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాతే, 1905లో. రాతిలో వాడిన గాలినే రేకు మీద వాడారు. అక్కడ బలం కావాలి, ఇక్కడ చేతి అదుపు కావాలి.

అల్యూమినియం మాత్రం దక్షిణ దేశానికి కొంచెం కొత్తే. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. అది బాగా నడిచి, తరవాత ఇండియన్ అల్యూమినియం కంపెనీ చేతికి పోయింది. చాటర్టన్ 1910లలో మైసూరు సంస్థానంలో పరిశ్రమల శాఖకు వచ్చాడు. అప్పటికి ఇత్తడి, రాగి గిన్నెలకు చిల్లు పడితే వీధిలో తిరిగే మాట్లవాళ్ళు ఉండేవారు. నవాసారం చల్లి, తగరం కరిగించి పూస్తే అతుక్కునేది. సిల్వరు గిన్నె వచ్చాక ఆ విద్య చెల్లలేదు. అల్యూమినియం గాలి తగలగానే ఒంటి మీద కంటికి కనబడని పొర కట్టుకుంటుంది. లోహం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతే, ఆ పొర రెండు వేల డిగ్రీలు దాటినా కరగదు. కాల్చేకొద్దీ లోపలి లోహం కారిపోతుంది గానీ పైన అతుకు పట్టదు. చివరకు గిన్నెకు కూడా చిన్న రివిటు కొట్టి చిల్లు మూయడమే దారి అయింది. దేశంలో అల్యూమినియం కరిగించే తొలి కర్మాగారం కేరళలోని అలువా దగ్గర మొదలైంది 1943లోనే. విమానపు గట్టి రేకు ఓడల్లో రావాల్సిందే.

అలా వచ్చిన రేకుతో పనిచేయడానికి మనుషుల్ని ఇక్కడే తయారు చేశారు. 1942 చివర్లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విమాన శాస్త్ర విభాగం తెరిచారు. కాటలీనా ఒక్కటే కాదు, డకోటాలు, మిచెల్ బాంబర్లు, లిబరేటర్లు వరసగా వచ్చాయి. ఏ విమానం ఎక్కడ పగులుతుందో, ఏ రివిటు ఎన్ని గంటలకు వదులవుతుందో పుస్తకం చదివి తెలిసే సంగతి కాదు. విప్పి చూసినవాడికే తెలుస్తుంది. కొత్తవి బిగించిన రెండేళ్ళలో దొరకని అనుభవం పాతవి విప్పడంలో దొరికింది.

యుద్ధం ముగిసి అమెరికన్లు వెళ్ళిపోయాక ఆ అనుభవం విలువ ఎంతో తేలింది. కాన్పూరులో బ్రిటిష్ వాళ్ళు వదిలేసిన లిబరేటర్ బాంబర్లు పడి ఉన్నాయి. మళ్ళీ ఎవరూ వాడకుండా వాటిని కావాలని పాడుచేసి మరీ వెళ్ళారు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మనుషులు వెళ్ళి వాటిని ఎగరగలిగేంత మేరకు అతికారు. పైలట్ జమ్‌షెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకు ఎగరేసుకొచ్చాడు. అక్కడ పూర్తిగా బాగుచేసిన దాదాపు నలభై విమానాలతో భారత వైమానిక దళానికి తొలి భారీ బాంబర్ల దళం ఏర్పడింది. 1968 దాకా అవి పనిచేశాయి. అందులో ఒకటి ఇప్పుడు లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

యుద్ధం ముగిసే రోజుల్లోనే అమెరికాలో ఇంకో ముచ్చట జరిగింది. నౌకాదళానికి యుద్ధ విమానాలు కట్టిన గ్రమ్మన్ కంపెనీకి ఆర్డర్లు ఆగిపోయాయి. కంపెనీ పెద్దల్లో ఒకడైన విలియం హాఫ్‌మన్ 1944లో అడవుల్లో బరువైన గుడ్డ పడవ మోసి విసిగిపోయి, విమానపు రేకుతో పడవ చేస్తే పోలా అనుకున్నాడు. 1945 నుంచి అక్కడ అల్యూమినియం పడవలు తయారయ్యాయి. విమానపు రేకు, విమానపు రివిటు, విమానపు అచ్చు. ప్రపంచంలో చెరువుల మీదా సరస్సుల మీదా తిరిగే సిల్వరు చేపల పడవల్లో ఎన్నో ఆ తోవలో వచ్చినవే. వాటికి వచ్చే జబ్బులూ కాటలీనాకు వచ్చినవే. ట్రైలరు మీద కుదుపులకు, వెనక పలక మీద మోటారు బరువుకు రివిటు వరస వదులై గీత పడుతుంది.

ఇప్పుడు పాత పడవ కొన్నవాడికి ఇంకో దారి కూడా ఉంది. 1941లో కాలిఫోర్నియాలోని నార్త్రాప్ విమాన కర్మాగారంలో రస్సెల్ మెరిడిత్ గాలి తగలకుండా జడవాయువు కింద వెల్డింగు చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆర్గాన్ వెల్డింగు అని మన షాపుల్లో పిలిచేది అదే. దానితో పడవల రకం అల్యూమినియాన్ని అతకవచ్చు. ముందు ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే గీతలోంచి ఎరుపు బయటికి ఊరుతుంది. కొసల్లో బెజ్జాలు పెట్టి, గీత వెంట గాడి తీసి, అసిటోన్‌తో జిడ్డు తుడిచి, దాని కోసమే ఉంచిన స్టీలు బ్రష్షుతో పొర గీకేశాకే టార్చి వెలిగించాలి. ఇనప మరలు, రాగి వాషర్లు దగ్గరికి రానివ్వకూడదు. తడి తగిలితే వేరు లోహం పక్కన అల్యూమినియం తినేసుకుపోతుంది. అయితే విమానపు గట్టి రేకు ఈ వెల్డింగుకు లొంగదు, వేడికి అతుకు పక్కనే మళ్ళీ బీట తీస్తుంది. దానికి నేటికీ రివిటే గతి.

గ్రమ్మన్ పడవల వైపు తిరిగితే బెంగళూరు కర్మాగారం రైలు పెట్టెల వైపు తిరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే అక్కడ పూర్తి లోహపు మూడో తరగతి బోగీలు తయారయ్యాయి. 1964 మేలో ఆ రైలు పెట్టెల విభాగాన్ని వేరుచేసి భారత్ ఎర్త్ మూవర్స్ (బెమెల్) పెట్టారు. బుల్డోజర్లు, తవ్వే యంత్రాల కర్మాగారం కోలారు బంగారు గనుల పట్టణంలో వెలిసింది. గనులు అప్పటికే లోతు పెరిగి, ఖర్చు పెరిగి, నష్టాల్లోకి జారుతున్నాయి. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకున్న గనులు 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి. గనిలో దిగే కుటుంబాల పిల్లలకు వెల్డరు, ఫిట్టరు కొలువులు అన్న మాట ఆ కర్మాగారంతో ఇంటి దగ్గరే వినబడింది.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి వేలమంది పొద్దున్నే మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం స్టేషన్లలో రైలెక్కి బెంగళూరులో పనికి పోతున్నారు. ఆ బండి బంగారుపేట దాకా వెళ్ళేది 1894లో గనుల కోసం వేసిన దారిలోనే. బెమెల్ కర్మాగారం నడుస్తూనే ఉంది. అక్కడ రేకు పోయి మందపాటి ఉక్కు పలకలు వచ్చాయి, రివిటు పోయి వెల్డింగు వచ్చింది. రాళ్ళ క్వారీల్లో తవ్వే యంత్రాల చేతికి పగులు వచ్చినప్పుడు చుట్టుపక్కల షాపుల్లోని వెల్డర్లు గీత కొసను వెతికి, అది ఇంక సాగకుండా ఆపి, గాడి తీసి, ఆ తర్వాతే అతుకు మొదలుపెడతారు.